మాట పుట్టని మగ్గాల కొట్టం

తెల్లవారగానే సిద్ధమ్మ అంబలి కాచి, ఇంటి వెనుక కొట్టంలో మగ్గాలు నేసేవాళ్లకు ముంతల్లో పోసింది. అందరూ తలలు వంచుకుని తాగి పనిలోకి దిగారు. సిద్దిపేటలో ఆమె మగడు లక్ష్మీరాజం కొట్టమంటే, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెల చప్పుడే తప్ప మనిషి గొంతు వినపడదని పేరు. ఎవరైనా నవ్వినా, పక్కవాడిని పలకరించినా ఆయన కర్ర నేలకు కొట్టేవాడు. మాట్లాడుతూ నేస్తే పోగులు తెగుతాయని ఆయన నమ్మకం. ఒక్కగానొక్క కొడుకు రాంచందర్ కూడా మూల మగ్గం దగ్గర నోరు మూసుకునే నేసేవాడు.

మొన్నటి ఎండాకాలంలో ఇస్తారి అనే నేతగాడు ఒకసారి నోరు విప్పాడు.

"సావుకారీ, మూలకున్న దూలం చెద పట్టింది. వానలు పడకముందే మార్పించున్రి."

"నువ్వు నెయ్యనీకె వచ్చినవా, నా ఇంటికి వంకలు పెట్టనీకె వచ్చినవా?" అని లక్ష్మీరాజం మండిపడ్డాడు. ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశాడు. ఇస్తారి పెళ్లాం పిల్లలతో నంగునూరు పోయి పొలం కూలీలో చేరాడు. ఆ తరువాత దూలం మాట ఎవరూ ఎత్తలేదు.

ఈ ఉదయం ముసురు ఆగకుండా కురుస్తోంది. ముంతలు కడుగుతున్న సిద్ధమ్మకు పెళపెళమని చప్పుడు వినిపించింది. పరుగెత్తేసరికి కొట్టం సగం కూలిపోయింది. మిగిలినవాళ్లు బయటపడ్డారు గాని, మూల మగ్గం మీద దూలం విరిగి పడింది. ముత్తయ్య అనే నేతగాడు, తోటివాళ్లు చేతులు చీరుకుపోతున్నా మట్టీ పెంకులూ తోడారు. బయటికి తీసేసరికి రాంచందర్‌లో ఊపిరి లేదు.

కర్మలు ముగిశాక పనివాళ్లు వాకిట్లోకి వచ్చారు. వాళ్లను చూడగానే లక్ష్మీరాజం కర్ర నేలకు కొట్టాడు.

"మీరంత కలిసి నా కొడుకును సంపిన్రు! నెత్తి మీద దూలం విరుగుతుంటె ఒక్కనికి గూడ కనబడలేదా?"

లోపలినుంచి సిద్ధమ్మ వచ్చింది. ఆమె మగనికి ఎదురు మాట్లాడటం అంతవరకు ఎవరూ వినలేదు.

"వాళ్లనెందుకంటవు? నాకు గూడ కనబడ్డది. అంబలి పోస్తుంటె దూలం పొట్టు నా చేతుల మీదనే రాలుతుండె."

"మరి చెప్పకపోతివేంది?"

"ఎట్ల చెప్పాలె? చెప్పిన ఇస్తారిని ఏం జేసినవ్? నీకు బయపడి, కన్నకొడుకును రోజు ఆ దూలం కిందికి నేనే తోలిన. కన్నతల్లి నోరే లేవలేదు, కూలోళ్ల నోరెట్ల లేస్తది?"

ఆమె గడపలో కూలబడి గుండెలు బాదుకుంది. లక్ష్మీరాజం చేతిలోని కర్ర జారిపోయింది.

మర్నాడు ఆయన ఇస్తారిని మళ్లీ పనికి పిలవడానికి నంగునూరు నడిచిపోయాడు. ఇస్తారి మంచినీళ్లిచ్చాడు, రాంచందర్‌ను తలచుకుని ఏడ్చాడు, పనికి మాత్రం రానన్నాడు.

కొట్టం మళ్లీ లేచింది. పని మొదలుపెట్టిన ఉదయం లక్ష్మీరాజం వాళ్ల నడుమ నిలబడ్డాడు.

"ఏమన్న ఉంటె చెప్పున్రి. ఎవలను ఏమనను."

చాలాసేపటికి రాట్నం దగ్గర నూలు చుట్టే లచ్చవ్వ గొంతు సవరించుకుంది.

"గీడ మస్తు చీకటి, సావుకారీ. పోగు కనబడక కండ్లు గుంజుతయి. పాత కొట్టంల గూడ గిట్లనే ఉండె, రాంచందర్ జూసిండు. బాపుకు చెప్త అంటుండె. పొద్దుగాల మీ అర్ర దాక వచ్చి, ఊకె తిరిగొస్తుండె, పాపం."

లక్ష్మీరాజానికి ఆ ఉదయాలు గుర్తొచ్చాయి. గడప దగ్గర తచ్చాడే కొడుకును "ఏంది?" అని గద్దించేవాడు. "ఏం లేదు బాపూ" అని వాడు వెళ్లిపోయేవాడు. ఆ 'ఏం లేదు' వెనుక ఎన్ని మాటలు మిగిలిపోయాయో ఇక ఎన్నటికీ తెలియదు.

ఆయన రాట్నం పక్కనే నేల మీద కూర్చున్నాడు. కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇంకేమున్నయో చెప్పు, బిడ్డా" అన్నాడు.