చివరి మెట్టు

పంజాగుట్ట షాపు నుంచి గ్యాసు పొయ్యి బిగించడానికి వచ్చిన మనిషి డాబా మెట్లన్నీ ఎక్కి, చివరి మెట్టు మీద ఆగిపోయాడు. భుజాన అట్టపెట్టె, చేతిలో పనిముట్ల సంచి.

"పైకి రావచ్చా ఆంటీ?"

కమలకుమారి చేతిలో బియ్యం చేట ఒరిగింది. దుర్గేష్. రెండేళ్ళలో చిక్కిపోయాడు.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఆవిడ ఒక్కదానికే తెలుసు. అమీర్‌పేటలో పక్క హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటూ, డాబా మీద ఆవిడ నడిపే మెస్సులో రెండుపూటలా తినే కుర్రాడు. ఆవిడ కూతురు మంజూష వడ్డిస్తుంటే చాలు అనడం మరిచిపోయేవాడు. అది చూసి కమలకుమారికి గుండెదడ పట్టుకుంది. "ఉద్యోగం వచ్చేదాకా ఈ మెట్లెక్కకు నాయనా. మా అమ్మాయికి ఏమీ చెప్పకు" అంది ఒకరోజు. ఆ ఏడే కంపెనీలు కొత్తవాళ్ళని ఉద్యోగాలకి పిలవడం మానేశాయి. కుర్రాడు మళ్ళీ కనిపించలేదు.

"రా" అంది ఇప్పుడు.

పిట్టగోడ దగ్గర బట్టలారేస్తున్న మంజూష తిరిగి చూసింది.

"మీరా" అంది.

"మీరా? ఎప్పటిసంది గీ మర్యాద?" అన్నాడు దుర్గేష్.

"చెప్పకుండా పోయినవాళ్ళని అలాగే అంటాం. పని చూసుకోండి."

మూడువైపులా గోడల్లేని, రేకుల కప్పు వంటిల్లు అది. పొయ్యి ఎక్కడ ఒరిగి ఎవరి మీద పడుతుందోనని, భర్త చక్రపాణి బతికుండగానే కమలకుమారి గ్రానైట్ బండ కోయించి దాన్ని అందులోకి దింపించింది. వానజల్లుకి అడుగు తుప్పుపట్టి, మొన్న మంట కిందినుంచి నాలుక చాపింది. అప్పట్నుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

దుర్గేష్ పాతది పైకి లాగి, టేపు పెట్టి చూశాడు. "కొత్తది రెండు వేళ్ళు పెద్దగుంది ఆంటీ. బండ కొయ్యాలె."

"పగిలిపోతే?"

"పగలదు."

"ఒకవేళ పగిలితే?"

"కొత్త బండ నేనే మోసుకొస్త" అంటూ సంచిలోంచి రాయి కోసే మిషను తీశాడు. "కోస్తుంటే పక్కన నీళ్ళు పొయ్యాలె."

"అది కరెంటు మిషను. పక్కన నీళ్ళు పోయాలంటావు. షాకు కొడితే మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పాలి?"

"మా అమ్మ సుత గిట్లనే అడుగుతది ఆంటీ. రోజు పొద్దుగాల."

రాయి వేడెక్కకుండా ఎవరో ఒకరు నీళ్ళు పోస్తూ ఉండాలి. మంజూష చెంబు అందుకుంది. మిషను రొదపెట్టింది. తెల్లటి రాతిపిండి పాలలా కారింది.

"జర సన్నగ పొయ్యి. ధార తెగొద్దు."

"నాకు తెలుసండీ."

"అండీ సుతనా?"

బండ మీద పడాల్సిన నీళ్ళు రెండుసార్లు అతని భుజం మీద పడ్డాయి. మూడోసారి అది పొరపాటు కాదని తల్లికి కూడా అర్థమైంది.

మిషను ఆగింది. కింద రోడ్డు మీద షేర్ ఆటోల కేకలు వినిపించాయి.

"ఎందుకు వెళ్ళిపోయావు?" మంజూష మెల్లగా అడిగింది. "ఒక్కమాట చెప్పి పోతే ఏం?"

కమలకుమారి బియ్యం ఏరుతున్నట్టు చేట మీదికి వంగింది. ఇప్పుడు చెప్పేస్తాడు. ఇక ఈ పిల్ల జన్మలో నా మొహం చూడదు, అనుకుంది.

దుర్గేష్ కోసిన అంచుని గుడ్డతో తుడిచాడు. "నౌకరి రాలే. మొఖం చెల్లలే. తప్పు నాదే."

ఆవిడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పొయ్యిని రాతిలోకి దింపాడు. ట్యూబు బిగించి, అతుకు చుట్టూ సబ్బు నురగ పూశాడు. "లీకుంటే బుడగలు లేస్తయి. మీరే చూడుండ్రి ఆంటీ. లేకుంటే మీకు ఫికర్ పోదు."

ఆవిడ వంగి చూసింది. ఒక్క బుడగా లేవలేదు. ఆవిడ మాత్రం లేవలేకపోయింది. జరగనివాటికి భయపడుతూ ఇన్నేళ్ళు గడిపింది. జరిగినదాన్ని మాత్రం తన నోటితోనే చేసింది.

"తప్పు అతనిది కాదే మంజూ" అంది, తల వంచుకునే. "నేనే రావద్దన్నాను."

మంజూష చెంబు బండ మీద పెట్టింది.

"మూడు సంబంధాలు వద్దన్నాను. ప్రతిసారీ ఎందుకని అడిగావు. తెలిసే అడిగావా అమ్మా?"

"భయమేసిందే."

మంజూష కళ్ళు తుడుచుకోలేదు. గిన్నెలో పాలు పోసి, కొత్త పొయ్యి మీద పెట్టి, వెలిగించింది. నీలిమంట నిటారుగా నిలబడింది.

దుర్గేష్ షాపువాళ్ళ పనికార్డు చాపాడు. "పనైపోయింది ఆంటీ. సంతకం పెడితే పోత."

కమలకుమారి కార్డు తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇప్పుడే పెట్టను. నాలుగురోజులు వెలిగించి చూడాలి. ఆదివారం వచ్చి మళ్ళీ నురగ పూసి చూపించు." ఆగి, గొంతు తగ్గించింది. "మీ అమ్మనీ తీసుకురా. రోజూ భయపడే మనిషి కదా. మేమిద్దరం మాట్లాడుకోవాలి."

అతను సంచి అందుకుని మెట్ల దాకా వెళ్ళి, నమ్మలేనట్టు వెనక్కి తిరిగాడు. అప్పటికి పాలు అంచుదాకా వచ్చాయి. మంట తగ్గించాలని ఎవరికీ గుర్తు లేదు.

"దుర్గేష్" అంది మంజూష. "ఈసారి చివరి మెట్టు మీద ఆగకు. నేరుగా వచ్చెయ్యి."