ఖాళీ కాని గడి

ఆదివారం పొద్దున. సింకు నిండా రాత్రి గిన్నెలు. అత్త వాటిని తోముతోంది. కొడుకు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాడు. కోడలు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆఫీసు యజమాని ఫోన్లో అరిచిన అరుపులు పక్కగదికి కూడా వినిపించాయి. కంటి ఆసుపత్రి నుంచి పేషెంట్లకి వెళ్ళాల్సిన మెసేజీలు ఎవరెవరికో పోతున్నాయి. రేపటికల్లా తప్పు పట్టుకోకపోతే పని ఆమె చేతిలోంచి లాగేస్తానన్నాడు.

తప్పెక్కడుందో ఆ ఇంట్లో ఒక్కరికి తెలుసు. ఆ ఒక్కరూ గిన్నెలు తోముతున్నారు.

అత్తాకోడళ్ళది ఒకటే ఆఫీసు. అత్తని అక్కడ పేజీలమ్మ అంటారు. ఆమెకి ఈ పని ఏ కాలేజీ నేర్పలేదు. టైపిస్టుగా చేరి, పక్కవాళ్ళ తెరల్లోకి తొంగిచూసి, తిట్లు తిని నేర్చుకుంది. కంటి ఆసుపత్రి సైటంతా ఆమె కట్టిందే. పాత పద్ధతి. పేరు నమోదుకో పేజీ, తేదీకో పేజీ, మందులకో పేజీ. బటన్ నొక్కితే పేజీ మొత్తం సర్వర్‌కి పోయి మళ్ళీ కొత్తగా పుట్టి వస్తుంది. నత్తనడకే. అయినా ఏళ్ళ తరబడి నడిచింది.

కోడలు తెచ్చింది కొత్త పద్ధతి. ఇందులో తెరని ముక్కలుగా కడతారు. కాంపోనెంట్లంటారు వాటిని. పేరు ముక్క, ఫోను ముక్క, తేదీ ముక్క. ఒకసారి కట్టుకుంటే ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చు. మారాల్సిన ముక్కే మారుతుంది, మిగతా తెర కదలదు. మంచి పద్ధతే. పేజీలమ్మ కూడా లోలోపల ఒప్పుకుంది.

ఒప్పుకోలేనిది మీటింగులో జరిగింది. ఆసుపత్రి ఫోన్ నంబరు మారితే అత్త పేజీల్లో ఒక్కోదాన్నీ వెతికి మార్చాలని కోడలు అందరికీ చూపించింది. "ఇదిగో, ఇక్కడింకా పాత నంబరే ఉంది చూడండి" అంది. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది. ఆ నవ్వు అత్త గొంతులో ముల్లులా దిగింది.

తర్వాత కొత్త తెరని వాడి చూడమని అందరికీ ఇచ్చారు. అత్త ఒక పేషెంటుని నమోదు చేసి, రెండో మనిషి పేరు కొట్టింది. ఫోన్ గడిలో మొదటి మనిషి నంబరు అలాగే కూర్చుని ఉంది. చూసింది. కంప్యూటర్ ఆపేసి ఇంటికొచ్చేసింది. నోరు విప్పలేదు. ఆ తెర అలాగే ఆసుపత్రి కౌంటర్లకి వెళ్ళిపోయింది.

బల్ల మీద అత్త ఫోన్ మోగింది. ఆమె చేతులకి మోచేతుల దాకా సబ్బు నురగ.

"అత్తయ్యా, ఆసుపత్రి కౌంటర్ నుంచి."

"తర్వాత నేను చేస్తాలే, వదిలెయ్."

కోడలు అప్పటికే స్పీకర్ నొక్కేసింది.

"పేజీలమ్మగారూ, నేనే! ఒక్కో పేషెంటయ్యాక పేజీ రిఫ్రెష్ కొట్టమన్నారుగా, కొడుతూనే ఉన్నా. నా కౌంటర్లో ఒక్క తప్పు లేదు. పక్క కౌంటర్ పిల్లకి చెప్పలేదేంటండీ మీరు? ఫోన్ గడి నిండి ఉంటే పాత రికార్డులోంచి కంప్యూటరే తెచ్చిందనుకుని వదిలేసిందది. కంట్లో నలుసు కూడా లేనాయనకి 'రేపు ఆపరేషన్, ఏమీ తినొద్దు' అని మెసేజీ పోతే పాపం రోజంతా పస్తున్నాడు! అదంటే నవ్వుకున్నాం. ఆపరేషనైన పెద్దావిడకి మాత్రం కట్టు విప్పించుకోమన్న మెసేజీ అందలేదు. నిన్న ఎవరి చెయ్యో పట్టుకుని వచ్చింది. కన్ను చింతనిప్పులా ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగితే చూపు పోయేదన్నాడు డాక్టరు."

కోడలు ఫోన్ పెట్టేసింది. కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"మీకు తెలుసు" అంది. "కౌంటరావిడకి చెప్పారు. నాకు చెప్పలేదు. ఒకే బల్ల దగ్గర తింటాం అత్తయ్యా మనం!"

"నన్నెవరడిగారు? పాత పేజీలదాన్ని."

"కూరలో ఉప్పెక్కువైతే అడక్కుండానే చెప్తారు. నేను తల దువ్వుకోకపోతే అడక్కుండానే చెప్తారు. దీనికి మాత్రం అర్జీ పెట్టుకోవాలా?"

"నలుగురిలో నన్ను చూసి నవ్వావే, నాకేమన్నా అర్జీ పెట్టుకుని నవ్వావా?"

కొడుకు తడి చొక్కా భుజాన వేసుకుని గుమ్మంలోకొచ్చాడు. కార్ల మెకానిక్. ఇద్దరి మొహాలూ చూసి, ఇంజన్ ఎక్కడ కొట్టుకుంటోందో అర్థమై, మళ్ళీ బాల్కనీలోకి పోబోయాడు.

"నువ్వుండు" అన్నారిద్దరూ ఒకేసారి.

కోడలు కుర్చీలోంచి లేచింది. "నవ్వాను. తప్పే. ఆ రోజే ఇంటికొచ్చి కడిగెయ్యాల్సింది నన్ను, పడేదాన్ని. కానీ ఆ పెద్దావిడ మిమ్మల్ని చూసి నవ్వలేదుగా అత్తయ్యా."

అత్త కుళాయి కట్టేసింది. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"భయమేసిందే. నీ ముక్కలు నడిచిపోతే అక్కడ నాకేం పని అనిపించింది. నువ్వొక్కసారి బోర్లాపడితే మళ్ళీ నన్ను పిలుస్తారనుకున్నా. ఆ ఒక్క కౌంటర్లో చెప్పేసి, నేను మంచిదాన్నేనని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నా." నురగ చేతుల వంక చూసుకుంది. "ఆవిడ కన్ను పోయుంటే?"

కొడుకు నీళ్ళ గ్లాసు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఎవరి పక్షానా ఒక్క మాట మాట్లాడలేదు. తెలివైనవాడు.

"మీ పాత కోడంతా చదివాను" అంది కోడలు మెల్లగా. "ఫోన్ గడి ఖాళీ చెయ్యమని ఎక్కడా లేదు. నేనెక్కడ చూసి తెలుసుకోను?"

అత్త తలెత్తింది. ఆ సంగతి ఆమెకే అప్పుడు తట్టింది. "లేదు. నేను రాస్తేగా! పేజీ కొత్తగా పుట్టి వచ్చేది, గడులు వాటంతటవే ఖాళీ అయ్యేవి. అదీ ఒక పనేనని నాకే తెలీదు. నీ చోట నేనున్నా ఈ తప్పే చేసేదాన్నే."

చేతులు కూడా తుడుచుకోకుండా యజమానికి ఫోన్ కలిపింది. "తప్పు దొరికింది సార్. నేను ముందే చూశాను, చెప్పలేదు. తిట్టేదేదో నన్ను తిట్టండి." ఆయన తిట్టాడు. ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. కోడలు మధ్యలో లాక్కుంది. "సార్, రెండో పేషెంటుని కొట్టి చూడకుండా వదిలింది నేను. అది నా తప్పే." "రేపిద్దరూ రండి. ఇద్దర్నీ కలిపే తిడతాను" అని ఆయన పెట్టేశాడు.

బల్లకి ఒకే వైపు కూర్చున్నారు.

"సేవ్ కాగానే ఫోన్ ముక్క ఖాళీ అయ్యేలా రాశాను, చూడండి."

"అది సరే. ముందు మందుల తెర తియ్యి. డోసు గడి కూడా ఇలాగే మిగిలిపోతుందేమో."

కోడలు కొట్టి చూసింది. మిగిలింది. ఒకరి మందు లెక్క ఇంకొకరి పేరు కింద.

"పాత అంకె ఈ ముక్కలో ఎక్కడ దాక్కుంటోందో చూపించు" అంది అత్త, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "నెమ్మదిగా చెప్పు. రెండుసార్లడిగితే విసుక్కోకు."

"విసుక్కుంటాను. మీరు మళ్ళీ అడగండి."

అది సరిచేశాక అత్త కౌంటరావిడని అడిగి పెద్దావిడ నంబరు తీసుకుంది. ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఎవరమ్మా?"

"ఆసుపత్రి కంప్యూటర్ పని చేసేవాళ్ళమండీ. మీకు మెసేజీ రాకపోవడం మా తప్పు. కన్నెలా ఉంది?"

"మంట తగ్గింది. మెషీన్ తప్పన్నారే వాళ్ళు?"

"మెషీన్ కాదండీ. మనుషులమే."

"ఎవరు, నువ్వేనా?"

అవునని అత్త చెప్పేలోపే కోడలు ఫోన్ మీదికి వంగింది. "ఇద్దరమండీ. అత్తాకోడళ్ళం."

"ఒకే కంప్యూటర్ దగ్గరా?" పెద్దావిడ గొంతులో నవ్వు. "కొట్టుకోరూ?"

"ఇప్పుడే అయిందండీ" అంది అత్త, సబ్బు ఆరిపోయిన చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.