ఆరో వరస, తొమ్మిదో వరస

అమ్మ టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది. కూతురు ఫోన్‌ను ఆమె ముఖం ముందు పెట్టింది. అచ్చయిన బ్యాలెట్ పత్రం ఫొటో అది. తెల్లారేసరికి నాలుగు వేలమంది పంచుకున్నారు.

"అమ్మా, ఇది పెట్టింది నువ్వేనా?"

"నేనే."

అమ్మ ఆ బ్యాలెట్లు అచ్చువేసే ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా ప్రూఫ్‌రీడరు. కూతురు ఎన్నికల కార్యాలయంలో పనిచేస్తోంది. ప్రజల ఫిర్యాదులు చూడటం, సోషల్ మీడియాలో నిబంధనలు మీరినవాళ్ల పేర్లు పైకి పంపడం ఆమె ఉద్యోగం.

"ఆరో వరసకీ తొమ్మిదో వరసకీ గుర్తులు తారుమారయ్యాయి. ఓనరుకి చెప్తే, నీ పని అక్షరాలు చూడటం, బొమ్మలు కాదన్నాడు. ఇంకెవరికి చెప్పను?"

"ఎన్నికల ముందు బ్యాలెట్ ఫొటో పెట్టడం నేరం. ఇప్పుడే తీసెయ్."

"వాళ్లు తప్పు దిద్దాక తీస్తాను."

"ఊళ్లో తప్పులన్నీ నీ నెత్తినే పడ్డాయా? నీ మూలంగా నా ఉద్యోగానికి ఎసరు వస్తుంది. నీ పేరు నేనే రాసిస్తాను, చూస్తూ ఉండు."

"రాయి. అచ్చుతప్పులు లేకుండా రాయి," అంది అమ్మ, చెప్పులు వేసుకుంటూ.

కూతురు అన్నంత పనీ చేసింది. మధ్యాహ్నానికల్లా ప్రెస్సువాళ్లు అమ్మను గేటు బయట నిలబెట్టి, ఆమె సంచి తెచ్చి చేతికిచ్చారు. అదే గంటలో పత్రాలన్నీ మళ్లీ అచ్చు వేయమని ఉత్తర్వు వెళ్లింది.

"కన్నతల్లినైనా వదల్లేదమ్మాయి," అని పై అధికారి నవ్వాడు. పక్క సీట్లవాళ్లు మాత్రం తలెత్తలేదు.

అమ్మ మీద తెరిచిన ఫైలుకు జతచేయడానికి కూతురు పాత ఫిర్యాదులు వెతికింది. ఆ బ్యాలెట్ గురించే గత వారంలో మూడు వచ్చాయి. మూడింటిలోనూ ఒకటే వాక్యం: ఆరో వరసకీ తొమ్మిదో వరసకీ గుర్తులు తారుమారయ్యాయి. పంపినవారి పేరు లేదు. మూడింటి కిందా 'ఆధారం లేదు, ముగించడమైనది' అని ఉంది. ముగించింది తనే. సాయంత్రం బస్సు తప్పిపోతుందని తెరవకుండానే నలభై ఒకేసారి ముగించేసిన రోజులవి.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"ఆ మూడూ నువ్వే పంపావా? పేరెందుకు రాయలేదమ్మా?"

"రాస్తే, వాళ్లమ్మ కాబట్టి పట్టించుకుందంటారు. నీకు మాట వస్తుందని రాయలేదు."

కూతురు అక్కడే కూలబడి, అమ్మ ఒడిలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ చెయ్యి ఆమె తల మీదికి రాలేదు.

"లే. ముఖం కడుక్కో," అంది అమ్మ. "రేపు పదింటికి నన్ను మీ ఆఫీసుకి విచారణకి రమ్మన్నారు. ప్రశ్నలు అడిగేది నువ్వేనట."