అన్నీ తెలిసిన ఫోన్ కాల్

గురువారం మధ్యాహ్నం 3:10.

స్టేషన్ ముందు ఆటో ఆగింది. అరవై దాటిన ఒకామె దిగింది. కాళ్ళకు చెప్పులు లేవు. వెంట ముప్పై ఏళ్ళ యువకుడు.

"మా ఇంటాయన కనపడ్తలేడు సారూ," అంది ఆమె.

ఎస్సై శైలేందర్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

పేరు భూలక్ష్మి. భర్త బిక్షమయ్య. అరవై తొమ్మిదేళ్ళు. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఇల్లు కట్టుకున్నారు. కింద వీళ్ళు, పైన కిరాయికి ఒక అమ్మాయి.

"ఎన్ని గంటలకు పోయిండు?"

"తొమ్మిది నలభైకి. బ్యాంకుల పనుందన్నడు."

"గొడవేమన్న అయిందా?"

"లేదు. పోసిన చాయ్ గూడ తాగలే. గ్లాసు గట్లనే పెట్టి పోయిండు."

"ఫోన్?"

"పొద్దటిసంది ఎంగేజే వస్తున్నది సార్," అన్నాడు యువకుడు. అతని పేరు జగన్. భూలక్ష్మి మరిది కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ షాపు ఉంది.

"ఇంట్ల ఇంకెవరుంటరమ్మా?"

"నా బిడ్డ సౌజన్య. ఆఫీసుల కంప్యూటర్ పని. ఫోన్ చేసిన, వస్తున్నది."

శైలేందర్ పెన్ను ఆగింది. మనిషి తప్పిపోతే ఫోన్ స్విచ్ఛాఫ్ అవుతుంది. లేదా మోగుతూనే ఉంటుంది. ఐదున్నర గంటలు ఎంగేజ్ వచ్చిందంటే అవతల ఎవరో వదలకుండా పట్టుకుని ఉన్నారన్నమాట. ఈ రెండు నెలల్లో ఇలాంటి ఫోన్ మోసాలు రెండు చూశాడు. రెండింటిలోనూ ఆలస్యంగానే చేరుకున్నాడు.

3:45కి బ్యాంకులో సీసీటీవీ చూశాడు. 10:22కి బిక్షమయ్య లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా. జేబులో ఫోన్ నిలబెట్టి ఉంది. కెమెరా కన్ను జేబు అంచు మీదుగా బయటికి చూస్తోంది. క్లర్కు ఏదో అడిగితే ముసలాయన ముందు జేబు వైపు చూసుకుని, తర్వాత జవాబు చెప్పాడు.

"డిపాజిట్ తీసి వేరే అకౌంట్ల ఎందుకు ఏస్తున్నరని అడిగినం సార్. బిడ్డ కోసం అన్నడు," అన్నాడు క్లర్కు. "ఏం తప్పుందని ఆపుతం?"

11:05కి బిక్షమయ్య బయటికి వెళ్ళాడు. ఇంటి దారి పట్టలేదు. ఎదురు దిక్కున ఆటో ఎక్కాడు.

టవర్ లొకేషన్ ఎల్బీ నగర్ మెట్రో దగ్గర చూపించింది. నల్లగొండ, సూర్యాపేట బస్సులు ఆగే చోటు. చుట్టూ లాడ్జిలు. శైలేందర్ ఒక్కొక్కటే ఎక్కి దిగాడు. ఏడో లాడ్జిలో రిజిస్టర్ తిప్పుతూ రిసెప్షనిస్టు అన్నాడు, "ఒక తాత ఉన్నడు సార్. సామానేం లేదు. చార్జర్ అడిగి తీస్కపోయిండు. 204."

సాయంత్రం 5:35.

తలుపు తట్టాడు. లోపల గొలుసు వేసిన చప్పుడు. నాలుగు వేళ్ళంత సందు తెరుచుకుంది. అందులో ఒక తడి కన్ను.

"బిక్షమయ్య గారా? పోలీస్. తలుపు తీయండి."

కన్ను వెనక్కి తిరిగింది. బల్ల మీద నీళ్ళ సీసాకు ఆనించిన ఫోన్. తెర మీద యూనిఫాం వేసుకున్న మనిషి. భుజాల మీద నక్షత్రాలు, వెనక జెండా.

"సార్," అన్నాడు బిక్షమయ్య ఆ ఫోన్‌తో. "ఎవరో పోలీసు డ్రెస్సుల వచ్చిండు. తలుపు తియ్యాల్నా, వద్దా?"

"వద్దు," అంది ఫోన్. "వాడు నకిలీ. లోకల్ పోలీసులంతా ఆ ముఠాలోనే ఉన్నారని చెప్పాను కదా."

శైలేందర్ సందులోంచి ఐడీ కార్డు చూపించాడు. ముసలాయన దాన్ని పైకీ కిందికీ చూశాడు.

"నువ్వెవరో నాకు తెల్వదు బిడ్డా. ఆయన పెద్ద ఆఫీసర్. పొద్దటిసంది నన్నిడిచి పోలే. అన్నం తిన్నవా అని గూడ అడిగిండు."

పదకొండేళ్ళ సర్వీసులో శైలేందర్‌ను దొంగలు తిట్టారు, లీడర్లు బెదిరించారు. నువ్వు పోలీసువి కాదని ఎవరూ అనలేదు. తలుపు పగలగొట్టడం ఒక్క నిమిషం పని. పగలగొడితే ఈ మనిషి కిటికీ వైపు పరిగెత్తడన్న గ్యారంటీ లేదు. కింద మెయిన్ రోడ్డు.

సౌజన్యను పిలిపించాడు. 5:58కి ఆమె వచ్చింది. నుదుటి మీద చెమట, చేతిలో లంచ్ బాక్స్ సంచి.

"నాయినా, నేను. తలుపు తియ్."

"నిన్ను అరెస్టు చెయ్యలే గద బిడ్డా?"

"నన్నెవరు చేస్తరు నాయినా. తియ్."

గొలుసు ఊడింది. అదే క్షణంలో తెర నల్లబడింది.

బిక్షమయ్య ఫోన్ చేతుల్లోకి తీసుకుని తట్టాడు. మళ్ళీ తట్టాడు. "సార్ కట్ చేసిండు. ఇగ నిన్ను తీస్కపోతరు," అంటూ మంచం మీద కూలబడ్డాడు.

డబ్బు అప్పటికే ఏడు చేతులు మారింది. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కంప్లైంట్ వెళ్ళే సరికి ఆ ఏడు అకౌంట్లూ ఖాళీ. రిటైర్మెంట్ నాటి నుంచి ముట్టుకోకుండా దాచిన సొమ్ము నలభై నిమిషాల్లో ఎటుపోయిందో ఎవరికీ తెలియదు.

శుక్రవారం ఉదయం శైలేందర్ వాళ్ళింటికి వెళ్ళాడు.

"ఏమన్నడో అంత చెప్పుర్రి పెద్దాయనా. మొదటి మాటసంది."

"నా ఆధార్ మీద పార్శిల్ పోయిందంట. అండ్ల మత్తుమందు దొరికిందంట. నేను నమ్మలే. గప్పుడు మా ఇంటి ముచ్చట్లన్ని చెప్పవట్టిండు."

"ఏం చెప్పిండు?"

ముసలాయన వేళ్ళు మడిచాడు. "డిపాజిట్ ఏ బ్యాంకుల ఉన్నదో చెప్పిండు. బాండు పేపరు బీరువల చీరెల కింద ఉన్నదన్నడు. నా భార్యకు జనవరిల స్టెంటు ఏసిన్రు, ఇంట్ల అరెస్టు చేస్తే ఆమె గుండె ఆగుతది, సప్పుడు చెయ్యకుండ లాడ్జిల ఉండుమన్నడు. పైన కిరాయికుండే పిల్ల పేరు చెప్పిండు. నీ బిడ్డను గూడ అరెస్టు చేస్తం, నీ బిడ్డ ఆఫీసుకు లెటర్ పోతది, నౌకరి పోతది అన్నడు. గవర్నమెంటోనికి కాకపోతే గివన్ని ఎవనికి తెలుస్తయి సార్?"

శైలేందర్ రాసుకున్నాడు. ఫోన్ హ్యాక్ అయితే బ్యాంకు పేరు తెలుస్తుంది. చీరల కింద బాండు తెలియదు. ఇంటి లోపలి మాట ఇది. ఎవరో అందించారు.

ఎవరు?

జగన్ జవాబు సిద్ధంగా ఉంచుకున్నాడు. "పైనున్న పిల్లే సార్. పొద్దంత హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫోన్లు మాట్లాడుడే దాని పని."

అమలకు ఇరవై ఆరేళ్ళు. ఏలూరు నుంచి వచ్చింది. గదిలోంచే ఒక కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేస్తుంది.

"బీరువా సంగతి నీకు తెలుసా?" అడిగాడు శైలేందర్.

"తెలుసండీ. ఆంటీ నా ముందే తీసేవారు."

"స్టెంటు?"

"ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. అంకుల్‌కి చేతులు వణుకుతుంటే ఫారాలు నేనే నింపాను." ఆమె ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ అతని ముందు పెట్టింది. "చూసుకోండి. నేనెందుకు చెప్తానండీ? ఆంటీ నాకు రోజూ కూర పంపిస్తారు."

జగన్‌నూ వదల్లేదు. పెదనాన్నకు ఫోన్ కొనిచ్చిందీ, అందులో యాప్‌లు వేసిందీ అతనే. షాపులో కంప్యూటర్, కాల్ రికార్డు అన్నీ చూశాడు. అమలవీ చూశాడు. ఏమీ దొరకలేదు.

ఇక సౌజన్య. అలవాటు కొద్దీ ఆమె ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి సూపరింటెండెంట్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"సౌజన్యనా? ఫిబ్రవరిలోనే కాంట్రాక్ట్ అయిపోయింది. ఇప్పుడు ఇక్కడ లేదు."

శనివారం 4:20కి, ఆమె ఫోన్ లొకేషన్ చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చీరల షాపులో ఆమెను పట్టుకున్నాడు. మడతలు వేస్తున్న చీర ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మకు చెప్పకుర్రి సార్," అంది.

"ఎందుకు దాచినవ్?"

"స్టెంటు ఏసిన నెలకే నౌకరి పోయింది. డాక్టర్ పరేషాన్ కానియ్యొద్దన్నడు. చుట్టాలల్ల ఎవరు కలిసినా, నా బిడ్డ ఆఫీసరని చెప్పుకుంటది. ఎట్ల చెప్పాలె? రోజు గదే టైముకు బాక్సు పట్టుకుని ఈడికొస్త."

"ఇంకెవరికి తెలుసు?"

"నాయినకు తెలుసు. గీ పని ఇప్పిచ్చింది జగనన్ననే. అమలకు గూడ నేనే చెప్పిన. అందరికి తెలుసు. అమ్మకు తప్ప."

శైలేందర్ బయటికి వచ్చి బండి మీద కూర్చున్నాడు. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ కదలడం లేదు. డైరీ తీశాడు. ఒక లైను మూడుసార్లు చదివాడు. తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి ఇంకో నంబర్ కాల్ రికార్డు తెప్పించమన్నాడు. అంతదాకా ఎవరికీ తట్టని నంబర్ అది.

ఆ సాయంత్రమే జగన్ అమల చేత గది ఖాళీ చేయించాడు. బిక్షమయ్య మెట్ల మీద కూర్చుని చూశాడే తప్ప వద్దనలేదు. ఆమె బట్టల సంచీ, కుక్కరూ ఆటోలో పెట్టుకుని హాస్టల్‌కు పోయింది.

ఆదివారం ఉదయం 11:00.

ముందు గదిలో అందరూ ఉన్నారు. బిక్షమయ్య, జగన్, సౌజన్య. శైలేందర్ పిలిస్తే అమల కూడా వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"అమ్మా, జర చాయ్ పెడ్తరా?" అన్నాడు శైలేందర్.

భూలక్ష్మి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించాక అతను గొంతు తగ్గించాడు.

"ఒక్కటే ప్రశ్న. సౌజన్య ఎక్కడ పనిచేస్తది? జగన్?"

జగన్ వంటింటి వైపు చూశాడు. "చీరెల షాపుల."

"అమలా?"

"షాపులోనేనండీ. ఫిబ్రవరి నుంచీ."

"పెద్దాయనా?"

బిక్షమయ్య తల ఊపాడు.

"ఫోన్ చేసినోడు ఏమన్నడు? నీ బిడ్డ ఆఫీసుకు లెటర్ పోతదన్నడు. బ్యాంకు నిజమే. బాండు నిజమే. స్టెంటు నిజమే. ఆఫీసు మాత్రం తప్పు. మీలో ఎవరు చెప్పినా వాడు షాపు అనేటోడు." శైలేందర్ ఆగాడు. "సౌజన్య ఇంకా ఆఫీసుల ఉన్నదని నమ్మే మనిషి గీ ఇంట్ల ఒక్కరే."

లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

"నాకెందుకు తట్టలే సార్?" అన్నాడు బిక్షమయ్య చివరికి. "పిల్ల షాపుల ఉన్నదని నాకు తెల్సు గద. గా మనిషి అంటుంటే నాకు గూడ ఆఫీసులనే ఉన్నట్టు అనిపిచ్చింది. నౌకరి పోతదంటే వణికిన."

"భయపెట్టుడే వాళ్ళ పని పెద్దాయనా. నాక్కూడ రెండు దినాలు తట్టలే." శైలేందర్ ఒక కాగితం విప్పాడు. "అమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉన్నది గద. మనం దాన్ని చూడనేలేదు. ఇరవై మూడు దినాలు, ఆదివారాలు తప్ప, పొద్దున పదిన్నరకు ఒకటే నంబర్‌నుంచి కాల్. మీరు హనుమాన్ గుడికి పోయే టైం. ఒక్కోసారి నలభై నిమిషాలు మాట్లాడింది. ఆఖరి కాల్ బుధవారం. గురువారం మీకొచ్చింది."

"ఆ నంబర్ ఎవరిది సార్?" అడిగాడు జగన్.

"ఎక్కడో వేరే రాష్ట్రంల చనిపోయిన మనిషి పేరు మీద సిమ్. ఇప్పుడు స్విచ్ఛాఫ్. నేను దొరకబట్టలేను. దొరకబడ్తనని చెప్తే అబద్ధం."

జగన్ అమల వైపు చూడలేక నేల చూశాడు. "తప్పయింది చెల్లె," అన్నాడు.

"ఆమెకు చెప్పకుర్రి," అన్నాడు బిక్షమయ్య. "తెలిస్తే బతకది."

"చెప్పకపోతే రేపు మల్ల గసొంటి ఫోన్ ఎత్తుతది," అన్నాడు శైలేందర్.

రెండూ నిజమే. దానికి ఏ సెక్షన్‌లోనూ మందు లేదు.

భూలక్ష్మి పళ్ళెంలో చాయ్ గ్లాసులతో వచ్చింది. అమలను చూసి మొహం విప్పారింది. "ఇంకా గడప కాడనే ఉన్నవేంది బిడ్డా? లోపల్కి రా," అంది. శైలేందర్ గ్లాసు అందుకున్నాడు.

"అమ్మా, మీకు రోజు ఫోన్ చేసే పిల్ల ఎవరు?"

"జ్యోతికనా? హెల్త్ కార్డు ఆఫీసు పిల్ల. మస్తు మంచిది సారూ. అమ్మమ్మా అంటది. గోళీలు ఏసుకున్నవా అని అడుగుతది. పాపం తల్లి లేదంట." ఆమె గొంతు తగ్గించింది. "బుధవారం చేసింది, మల్ల చేస్తలేదు. పెయ్యి బాగలేదో ఏమో. నేను చేస్తే కలుస్తలేదు. మీరు పోలీసోల్లు గద, జర కనుక్కుంటరా?"

శైలేందర్ నోటి దాకా వచ్చిన గ్లాసు కిందికి దించాడు. బిక్షమయ్య గోడ వైపు తిరిగాడు.

సౌజన్య లేచింది. తల్లి చేతిలోంచి పళ్ళెం తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు. ఫిబ్రవరిసంది నేను ఆఫీసుకు పోతలేను. కాంట్రాక్ట్ అయిపోయింది. చీరెల షాపుల చేస్తున్న. నీకు అబద్ధం చెప్పిన."

భూలక్ష్మి కూతురి మొహం చూసింది. ఏడవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఏదో లెక్క తప్పినదానిలా అందరి వైపూ తిరిగింది.

"మరి జ్యోతికకు నేను ఆఫీసనే చెప్పిన గద," అంది మెల్లగా. "అయ్యో, ఆ పిల్లకు అబద్ధం చెప్పినట్టాయె."

సౌజన్య తల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. జ్యోతిక గురించి చెప్పాల్సిన రెండో మాట ఇంకా మిగిలే ఉంది.