ఆఖరి చెక్కుల కట్ట

ఇలా దగ్గరికి జరగండి. ఆ తలుపు ఓరగా వేసి కూర్చోండి. కడుపులో కుతకుత ఉడుకుతున్న మాట ఇది, అరిచి చెప్పేది కాదు.

ఉదయం తొమ్మిదింటికి బ్యాంకు హెడ్డాఫీసులో చెక్కుల సెక్షన్ హెడ్‌క్లర్కు లిఫ్టు గోతిలో పడి చచ్చిపోయాడు. కాలు జారిందని రాసేశారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్కనాడూ లిఫ్టెక్కని మనిషికి అక్కడ కాలెలా జారుతుంది?

ఆయన మేనకోడలు సీక్రెట్ ఏజెంటు. మనిషి చిన్నదే కానీ గుచ్చుకుంటుందని డిపార్టుమెంటులో గుండుసూది అనేవారు. పదింటికల్లా చీఫ్ పిలిపించాడు. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు మహానుభావుడు.

మిషన్ ఇది. ఆ మధ్యాహ్నం పన్నెండింటితో కాగితం చెక్కులు బంద్, అంతా ఎలక్ట్రానిక్ పేమెంటు. గని కార్మికుల వితంతువుల పింఛన్లతోనే మొదలు. ఓ విదేశీ ముఠా సిస్టంలో చొరబడింది. సరిగ్గా మారే క్షణంలో లోపలి మనిషి ఫోన్లోంచి ఒక కమాండ్ పంపితే చాలు, లక్షమంది ఆడవాళ్ల నోటి దగ్గర కూడు సముద్రం దాటిపోతుంది. హెడ్‌క్లర్కు అది పసిగట్టాడు, పోయాడు. వాయిదా వేద్దామంటే పైవాళ్లు ఒప్పుకోలేదట. ప్రారంభోత్సవానికి రిబ్బను కూడా కొనేశారట.

"బ్యాంకు చెక్కుల హాల్లో మన మనిషి ఉంది. పదిహేనేళ్లు అదే సెక్షన్లో చెక్కులు చూసి మనలో చేరింది. ఆమె చెప్పినట్టు చెయ్," అన్నాడు చీఫ్.

గుండుసూది ప్రింటర్ మెకానిక్ వేషంలో వెళ్లింది. ఆ మనిషి మెడలో ముత్యాల దండ, ఒంటి మీద అత్తరు గుబాళింపు. నవ్విందంటే ఫైళ్లు కూడా తలెత్తి చూస్తాయి.

"సిరా ఆరిందా?"

"ఇంకా తడే."

కోడ్ కుదిరింది. సర్వర్ రూంలో ఉన్న ఇంజినీరే దొంగని, పోయి పట్టుకోమని ముత్యాలావిడ చెవిలో ఊదింది. టైం పదకొండు యాభై ఎనిమిది.

గుండుసూది రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆవిడ బల్ల మీద ఆఖరి చెక్కుల కట్ట ఉంది. కనిపించిన ప్రతి చెక్కుకూ కింది తెల్లపట్టీ మీదే దబదబా ముద్రలు కొట్టి ఉన్నాయి. మిషను చదివే అంకెలుండే చోటు అది. చెక్కుల గుమాస్తా అన్నవాడు అక్కడ పెన్సిలు గీత కూడా పడనివ్వడు. చిన్నప్పుడు వేలు పెట్టిందనే మావయ్య ఆమె చెయ్యి మీద ఒకటిచ్చాడు. పదిహేనేళ్లు చెక్కులు చూసిన మనిషట!

ఒళ్లు భగ్గుమంది.

"నువ్వు ఏ రోజైనా చెక్కు ముట్టుకున్నావా?"

ముత్యాలావిడ నవ్వు చెరగలేదు. "ఈ చిత్తుకాగితాలకి ఇవాళ్టితో నూకలు చెల్లాయమ్మా. మీ ముసలాయనకీ అదే చెప్పా. వినలేదు."

ఒక చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్ లేచింది, రెండో చెయ్యి ఫోన్ మీదికి పోయింది. గుండుసూది టూల్‌బాక్సు విసిరింది. గుండు సీలింగులో దిగింది. వాచీలో ఉన్న జామర్ నొక్కింది. ఫోన్లో సిగ్నల్ చచ్చేసరికి ఇంకా రెండు సెకన్లే ఉన్నాయి. పన్నెండు కొట్టింది. ఎవరి కూడు వాళ్ల ఇంటికే చేరింది. ఆ తర్వాత పడిన చెంపదెబ్బ రిపోర్టులో లేదు.

కింద రిబ్బను కత్తిరించారు. ఏ ఆటంకమూ లేకుండా కొత్త పద్ధతి మొదలైందని చప్పట్లు కొట్టుకున్నారు. చచ్చినవాడి ఊసు ఒక్కడూ ఎత్తలేదు.

పది రోజులకు, మావయ్య పోయినందుకు గుండుసూది అత్తకు నష్టపరిహారం వచ్చింది. కాగితం చెక్కు. కౌంటర్లో గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఇప్పుడు తీసుకోవడం లేదమ్మా," అన్నాడు.

ఇది మరిచిపోకండి. నలుగురు కూర్చున్నచోట చెప్పండి. ఆయన కాలు జారలేదని ముందు చెప్పండి, మిగతాదంతా తర్వాత.