తిప్పేస్వామి రెక్కలీగ

కందిరీగ ఎడమ రెక్క విడదీసి, గాజుపలక మీద పరిచి, తిప్పేస్వామి దాన్ని జాతులు గుర్తించే యంత్రం వర్గిణి కన్ను కింద పెట్టాడు. ఆ కన్ను ఎంత చురుకైనదంటే, కందిరీగ తుమ్మితే దాని ముత్తవ్వకు ఎన్నిసార్లు జలుబు చేసిందో చెబుతుందని ఆ పురుగుల కేంద్రంలో అనుకునేవారు.

"తిప్పేస్వామి రెక్కలీగ. మగది. మిత్రజాతి. ముద్ర వేయండి."

ఆ పేరు వినబడినప్పుడల్లా అతడి మీసం దానంతటదే లేచేది. వేరుపురుగు ఒంట్లో గుడ్డుపెట్టి, సీమలో వేరుశెనగ చేలను నిలబెట్టిన కందిరీగ అది. కనిపెట్టినవాడు తన పేరే పెట్టుకోవడం ఆ వృత్తిలో సిగ్గుమాలిన పని. అయినా పెట్టుకున్నాడు. మరి గుడ్డుపెట్టే ఆడవేవని అడిగితే, "మహారాణులు. అందరికీ కనబడతారా?" అని నవ్వేసేవాడు.

తలుపు తోసుకుని శెనగరైతు హనుమక్క వచ్చింది. చేతిలో మూతకు బెజ్జాలు పొడిచిన డబ్బా.

"సామీ, మా చేని గట్టున నిప్పుబండ్లు నిలబడినాయి. ఎండ దిగినాక అంటిస్తాయంట. కాయ ఊరింది, ఇంకొక్క వాన పడితే పీకుతాం. ఈ నల్లచీమ ఉండాదని చేనంతా కాల్చేదేంది?"

"చీమ కాదు హనుమక్కా, వేరుకొరుకుడు. రెక్కల్లేవు. ఎప్పుడూ ఎండిన మొక్కల మొదట్లోనే దొరుకుతుంది. శత్రుజాతి అని ముద్ర వేసి బండ్లు పంపించింది నేనే."

"అది కొరికేది చూసినావా?"

"చచ్చినదాన్ని చూశాను."

"చచ్చింది యాడ కొరుకుతాది సామీ?"

అక్కడి పద్ధతి అది. ప్రాణమున్నదాన్ని వర్గిణి చదవదు. ముందు స్పిరిట్‌లో ముంచాలి, తరువాతే చూడాలి. ఉక్రోషంలో తిప్పేస్వామి స్పిరిట్ సంగతి మరిచి, డబ్బాలోని నల్లదాన్ని బతికుండగానే పళ్లెంలోకి వంచాడు. పక్కన వలగూటిలో ముంచడానికి ఉంచిన రెక్కలీగలు ఒక్కసారిగా జుమ్మన్నాయి. మూత సందులోంచి ఒకటి దూరి వచ్చి నల్లదాని మీద వాలింది. దానితో ముడిపడి, దాన్ని మోసుకుంటూ గదంతా ఊరేగించి, ఆఖరికి తిప్పేస్వామి కళ్లద్దాల మీదే విడిది చేసింది.

అంత దగ్గరగా, బతికుండగా, అతడు ఏ కందిరీగనూ చూడలేదు. ఒకే జాతి. ఈ నల్లదే ఆడది. మొక్కను ఎండబెట్టేది వేరుపురుగైతే, దాన్ని వెతుక్కుంటూ మన్ను తవ్వి దిగేది ఇది. పూలలో తేనె తాగి తిరిగే మొగుడికి తన పేరు పెట్టి, పని చేసే పెళ్లానికి నిప్పు పెట్టించాడు. పోయిన వారం కాలిన చేలు గుర్తొచ్చి అతడి చెవులు మండిపోయాయి.

హనుమక్క అతడి మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మహారాణి దొరికినట్టుండాదే!"

అతడు తల తిప్పుకున్నాడు. "వర్గిణీ, ఆ రెండూ ఒకే జాతి. నిప్పుబండ్లు ఆపు."

"బతికున్న సాక్ష్యం చెల్లదు. జంటను స్పిరిట్‌లో ముంచి సమర్పించండి. పరిశీలన వచ్చే పంటకాలంలో."

"ముద్ర వేసినవాడే పనికిరానివాడైతే?"

"అతడు పెట్టిన పేర్లన్నీ రద్దవుతాయి. పేరు లేనిదాన్ని బండ్లు కాల్చవు, కాపాడవు."

అతడు పెట్టిన పేర్లు సీమంతా పరుచుకుని ఉన్నాయి. హనుమక్క నవ్వు ఆపి అతడినే చూస్తోంది. ఆ చూపుకు ఎదురు నిలవలేక గోడకేసి తిరిగి చెప్పాడు.

"తిప్పేస్వామి చూడకుండా ముద్ర వేశాడు. ఆడది దొరకలేదని ఒప్పుకోవడానికి నామోషీ పడ్డాడు. రద్దు చెయ్యి."

తెర మీద పేర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చేలగట్ల మీద నిప్పుబండ్లు మూతులు దించి, దేన్ని కాల్చాలో చెప్పమని వరసగా కబురు పంపసాగాయి. వర్గిణి మొట్టమొదటిసారి తడబడింది. "ఏమని నమోదు చేయాలి?"

తిప్పేస్వామి కళ్లద్దాలు మెల్లగా తీసి, జంట చెదరకుండా హారతిపళ్లెంలా రెండు చేతులా పట్టుకుని, మసక చూపుతో గడప దాటాడు.

"మీ చేను ఎటు?"

హనుమక్క అతడి మోచెయ్యి పట్టుకుంది. "గుంత ఉండాది సామీ. చూసి నడువు."