కొక్కేలకు పట్టిన జిడ్డు

"మళ్లీ ఫెయిలా?" చీఫ్ బల్ల మీద గుద్దాడు.

"నీళ్లలో బ్రహ్మాండంగా విషాన్ని పట్టేస్తున్నాయి సార్. రక్తపు సీరమ్‌లో వేస్తే చాలు, ప్రోటీన్లు ఎగబడి మన అయస్కాంత నానో రేణువుల చుట్టూ అతుక్కుపోతున్నాయి. వాటి మీది కొక్కేలు కప్పబడిపోతే విషాన్ని పట్టేదెలా?"

"నెలల తరబడి ఇదే పాట! నీకు జిడ్డు అని ఊరికే పేరు పెట్టలేదు. ఆసుపత్రికి వెళ్లు. విదేశీ ముఠా గుట్టంతా తెలిసిన సాక్షి అక్కడ ఐసీయూలో ఉన్నాడు, రేపు కోర్టులో నోరు విప్పాలి. అందాకా కాపలా కాయి. డాక్టర్ వేషంలో మన ఏజెంట్ అక్కడే ఉంది."

ల్యాబ్ టెక్నీషియన్ కోటు తొడుక్కుని, ఉసూరుమంటూ బయల్దేరాడు జిడ్డు.

ఐసీయూ పక్కనే ల్యాబ్. స్పిరిట్ వాసనను మింగేసే సెంటుతో, డాక్టర్ వేషంలోని ఆ ఏజెంట్ ఎదురైంది.

"అయస్కాంతం చల్లగా ఉందా?" కోడ్ చెప్పాడు.

"చల్లగానే ఉంది తమ్ముడూ. నేనే పార్టీ మార్చాను." పిస్టల్ అతని డొక్కలో గుచ్చుకుంది. నల్లటి పొడి ఉన్న సీసా బల్ల మీద పెట్టింది. "గుండె దాకా వేసిన గొట్టంలోంచి ఎక్కిస్తా. ఛాతీ మీద అయస్కాంతం పెడతా. రక్తంలోని ప్రోటీన్లు అంటుకునేలోపే ఈ రేణువులు కొక్కేలతో గుండెను పట్టేస్తాయి, పట్టాకే విషం వదులుతాయి. సెలైన్‌లో కలుపు. నా గోళ్ల రంగు ఇంకా ఆరలేదు."

జిడ్డుకు ఒళ్లు మండిపోయింది. తన రేణువులకు లేని అదృష్టం వీళ్ల వాటికా!

అల్మారాలో సెలైన్ సీసా. పక్కనే, తనను ఇన్నాళ్లూ ఏడిపించిన సీరమ్. పొడి పడితే రెండూ నలుపే. ఒంటితో అడ్డుపెట్టి సీరమ్ అందుకున్నాడు. కలిపాడు. తీరిగ్గా కుదిపాడు.

"పాయసమా చేస్తున్నావ్? కానియ్!"

సాక్షి మంచం దగ్గర ఆమె సిరంజి ఖాళీ చేసి, ఛాతీ మీద అయస్కాంతం ఆనించింది. రెండో చేతిలోని పిస్టల్ జిడ్డు వైపే ఉంది. సాక్షి కళ్లు తెరిచాడు.

"చలేస్తోంది డాక్టరమ్మా."

మానిటర్ మీద గీత చెక్కుచెదరలేదు. ఆమె అయస్కాంతాన్ని అటు జరిపింది, ఇటు జరిపింది. "ఛీ! ఎందుకు పట్టడం లేదు?"

"నేనూ నెలల తరబడి అదే అడుగుతున్నానక్కా," అంటూ పిస్టల్ చేతిని మెలితిప్పాడు జిడ్డు. అతని చేతిగడియారంలోని మైక్‌లో అంతా విని పరుగెత్తుకొచ్చిన స్క్వాడ్ తలుపు తోసుకుని లోపలికి దూకింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "శెభాష్! సరే, అతని ఒంట్లో ఉన్న ఆ రేణువుల్ని మన రేణువులతో లాగేద్దామా?"

"మనవి సీరమ్‌లో పనిచేయవు సార్."

ఫోన్‌లో బల్ల గుద్దిన చప్పుడు వినిపించింది.